అరవై దాటని చెయ్యి

బీమా కంపెనీ ఫారంలో చేతి పనులు పధ్నాలుగు ఉన్నాయి. చెంచాతో తినడం, గుండీ పెట్టుకోవడం, తలుపు గడియ తీయడం, తల దువ్వుకోవడం, గ్లాసు ఎత్తడం, అలా. కత్తెర పట్టడం అందులో లేదు. అన్నం కలపడం కూడా లేదు.

గుడిమెట్ల వీరరాఘవులు గుంటూరులో స్కూలు యూనిఫారాలు కుట్టే కంపెనీలో కటింగ్ మాస్టరు. వయసు నలభై ఏడు. అక్కడ ఇరవై ఆరేళ్ళుగా పనిచేస్తున్నాడు. జూన్ రెండోవారంలో, బళ్ళు తెరిచే ముందు, బల్ల దగ్గర నిలబడి ఉండగా మెదడులో ఒక రక్తనాళం మూసుకుపోయింది. మాట పోలేదు. కాలు వారంలో తిరిగి వచ్చింది. కుడిచెయ్యి రాలేదు.

పన్నెండో రోజున ఆయనకు మందు ఎక్కించారు. దాని అసలు పేరు ఒక అక్షరం, నాలుగు అంకెలు. ఆసుపత్రిలో అందరూ పసిమందు అంటారు. హైదరాబాదులో ఒక ప్రయోగశాల దాన్ని తయారు చేసింది. దేశంలో అప్పటికి మూడు వందల పన్నెండు మందికి ఇచ్చారు.

మర్నాడు ఫిజియోథెరపీ గదిలో థెరపిస్టు రెబెకా ఆయన ముందు ఖాళీ స్టీలు గ్లాసు పెట్టి ఎత్తమంది. రాఘవులు భుజం పైకి లాగి, నడుము వంచి, చెయ్యి మొత్తాన్ని గ్లాసు మీదికి విసిరాడు. గ్లాసు దగ్గరికి చేరకముందే రెబెకా ఆ చేతిని పట్టుకుని కిందికి దించింది.

"అట్టా కాదు మాస్టారూ. భుజంతో ఎత్తితే భుజంతోనే నేర్చుకుంటది."

"ముందు ఎత్తనీ అమ్మాయ్. అందచందాలు తర్వాత చూద్దాం."

"తర్వాత ఉండదు. చిన్నప్పుడు సైకిలు నేర్చుకున్నారా? ఇప్పుడు మర్చిపోదామన్నా మర్చిపోగలరా? ఈ తొంభై రోజులు మీ తల రెండేళ్ళ పిల్లాడి తల. చెయ్యి ఏం చేస్తే అది రాసి పెట్టుకుంటది. మంచిదైనా, చెడ్డదైనా. తొంభై దాటితే మూసుకుపోద్ది. ఇక కొత్తది రాదు, పాతది పోదు."

"అయితే మా ఆవిడ తిట్లు కూడా రాసుకుంటదా?"

"అవి చెవికి. నేను చూసేది చెయ్యి ఒక్కటే."

రోజుకు రెండు గంటల సిట్టింగు. పసిమందు ఎక్కించుకున్న మనిషికి బయట ఇంకెవరూ ఫిజియోథెరపీ చెయ్యకూడదు. తప్పు కదలిక ఒకటి నేర్పితే అది జీవితాంతం ఉంటుంది కాబట్టి, శిక్షణ పొందినవాళ్ళు ఆసుపత్రిలో, బీమా కంపెనీ ఆమోదంతో మాత్రమే చెయ్యాలని నిబంధన. ఆ ఆమోదం పదిరోజులకొకసారి వస్తుంది. ప్రతి పదిరోజుల్లో చివరి మూడు రోజులు రోగి భుజం నుంచి మణికట్టు దాకా సెన్సర్లున్న ఒక పట్టీ కట్టుకుని ఇంట్లో తిరగాలి. ఆ పధ్నాలుగు పనుల్లో ఎన్ని చేశాడో, ఎలా చేశాడో పట్టీ లెక్కకట్టి నూటికి మార్కులు వేస్తుంది. అరవై లోపు వస్తే ఫిజియోథెరపీ అవసరం ఉన్నట్టు. అరవై వస్తే అవసరం తీరినట్టు. పాలసీ రాసిన నాటికి పసిమందు లేదు. అందువల్ల అందులో తొంభై రోజుల మాట లేదు.

ఈ సంగతులన్నీ రాఘవులు భార్య కస్తూరికి తెలుసు. ఆమె అదే ఆసుపత్రిలో ఇన్సూరెన్స్ డెస్కులో పదకొండేళ్ళుగా పనిచేస్తోంది. ఏ మాట రాస్తే ఆమోదం వస్తుందో, ఏ మాట రాస్తే కాగితం వెనక్కి వస్తుందో డాక్టర్లు ఆమెను అడిగి రాస్తారు. 'నడుస్తున్నాడు' అని రాయకూడదు, 'సాయంతో నడుస్తున్నాడు' అని రాయాలి. 'తగ్గింది' అనకూడదు, 'తగ్గుముఖం' అనాలి.

మందు ఎక్కించిన ఇరవయ్యో రోజున రాఘవులుకు ముప్పై ఎనిమిది వచ్చింది. ముప్పయ్యో రోజున యాభై అయిదు.

ఆ సాయంత్రం కస్తూరి పాలసీ కాపీ ముందేసుకుని కూర్చుంది.

"ఇట్టా పోతే నలభయ్యో రోజుకి అరవై దాటుద్ది" అంది.

"దాటనీ. బళ్ళో ఏనాడన్నా ముప్పయ్యైదు దాటానా నేను? ఇప్పుడన్నా ఫస్టు క్లాసులో పాసవుతా."

"పాసైతే సిట్టింగులు ఆపేస్తారు. మిగతా యాభై రోజులు ఏం చేస్తావు? చెంచా పట్టుకుని కూర్చుంటావా? రేపు షాపులో చెంచాతో కత్తిరిస్తావా గుడ్డ?"

రాఘవులు కుడిచేతి వేళ్ళు ఒకసారి తెరిచి మూశాడు.

"హిందీ టీచరమ్మ సంగతి చెప్పాగా. ముప్పయ్యైదో రోజున అరవై ఒకటి వచ్చింది. ఆమె కాగితం నేనే పంపించా. చెంచా దాకా వచ్చింది చెయ్యి, అక్కడే ఆగిపోయింది. మొన్నొచ్చి నా ముందు కూర్చుంది. బోర్డు మీద అక్షరం రాయలేనమ్మా అంది. ఏం చెప్పను?"

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు?"

"పట్టీ కట్టిన మూడు రోజులు చెయ్యి రానట్టు ఉండు. యాభై నాలుగు, యాభై మూడు, ఆ చుట్టుపక్కల ఉండాలి. మరీ పడిపోయినా అనుమానమొచ్చుద్ది."

"మీ నాన్న చెవుడు లాగానా? పని చెప్తే వినపడదు, పకోడీలంటే వినపడుద్ది."

"మా నాన్న జోలికి రాకు. చేస్తావా చెయ్యవా?"

"చేస్తాలే."

ముప్పై తొమ్మిదో రోజున పట్టీ కట్టుకుని ఉండగా బల్ల అంచు మీది నుంచి మజ్జిగ గ్లాసు జారింది. రాఘవులు కుడిచెయ్యి దాన్ని గాలిలో పట్టుకుంది. చుక్క ఒలకలేదు. భార్యాభర్తలిద్దరూ ఆ చెయ్యి వైపు చూశారు. మార్కులు యాభై ఎనిమిది వచ్చాయి.

"మూడు రోజులు దాచి ఏడు రోజులు వాడితే ఇట్టాగే అవుద్ది" అంది కస్తూరి. "దాచడం అలవాటు కావాలి. ఫిజియో గదిలో తప్ప ఇంకెక్కడా ఆ చెయ్యి బయటికి రాకూడదు. పట్టీ ఉన్నా, లేకపోయినా."

ఆ రోజు నుంచి ఆయన ఎడమచేత్తో తిన్నాడు. కుడిచెయ్యి కంచం వైపు కదిలితే కస్తూరి గరిటె కాడతో వేళ్ళ మీద కొట్టేది. మొదటివారం రోజుకు ఏడెనిమిది సార్లు కొట్టాల్సి వచ్చింది. రెండోవారం రెండుసార్లు. తర్వాత అవసరం రాలేదు.

ఎలా దాచాలో రాఘవులు ఫిజియోథెరపీ వార్డు బయట బెంచీల మీద కూర్చున్నవాళ్ళను చూసి నేర్చుకున్నాడు. భుజం కొంచెం పైకి, మోచెయ్యి వంచి, మణికట్టు రొమ్ము మీదికి, బొటనవేలు లోపల పెట్టి పిడికిలి. పనిలో నాణ్యత చూసే మనిషి. బొటనవేలు బయట ఉంటే అసలుది కాదని తెలిసిపోతుందని కస్తూరికి ఆయనే చెప్పాడు.

రెబెకా గది గుమ్మం దగ్గర ఆ చేతిని చెప్పులు విడిచినట్టు విడిచేవాడు. లోపల పని వేరే. నలభై అయిదో రోజున కాగితం కత్తిరించాడు. యాభై రెండో రోజున గుడ్డ. అరవయ్యో రోజున రెబెకా తన పాత చున్నీ తెస్తే దాని అంచు గీత గీసినట్టు కోసి ఇచ్చాడు.

"లోపలేమో కత్తెర పడతారు, బయటికి పోగానే చెయ్యి ముడిచేస్తారు. ఏంది మాస్టారూ ఇది?"

"మా హోమ్ మినిస్టర్ని అడుగు."

రెబెకా డెస్కు దగ్గరికి వెళ్ళి అడిగింది. కస్తూరి పక్కసీటు ఖాళీ అయ్యేదాకా ఆగి జవాబిచ్చింది.

"నీకు సిట్టింగులు కావాలా, వద్దా?"

"కావాలి అక్కా. కానీ అది కూడా నేర్చుకుంటదేమో."

"ఏది?"

"ఆ ముడుచుకోవడం."

"కావాలని చేసేది నేర్చుకోవడం ఎట్టా అవుద్ది రెబెకా? అబద్ధం చెప్పేవాడికి అది అబద్ధమని తెలుసుగా. అబద్ధం చెప్పగా చెప్పగా నిజమైపోద్దా?"

రెబెకా తన శిక్షణ పుస్తకం తీసి చూసింది. తప్పు కదలికల గురించి పదకొండు పేజీలు ఉన్నాయి. నటన గురించి ఏమీ లేదు. ఆమె ఎవరికీ చెప్పలేదు.

రాఘవులుకు డెబ్బై ఒకటో రోజున, హైదరాబాదు ప్రయోగశాలలో, సలీం అనే గణాంక ఉద్యోగి డాక్టర్ తాటికొండ విశారద బల్ల మీద ఒక కాగితం పెట్టాడు. పసిమందును కనిపెట్టిన బృందానికి ఆమె అధిపతి. పట్టీ రెండు సంగతులు నమోదు చేస్తుంది. చెయ్యి ఎంత కదిలిందో బీమా కంపెనీకి వెళుతుంది. నాడిలో సంకేతం ఎంత బలంగా ఉందో ప్రయోగశాలకు వెళుతుంది. అంతవరకు ఎవరూ ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడలేదు.

"యంత్రం తప్పనుకున్నాను మేడం. నాడి పైకి పోతోంది, కదలిక ఆగిపోయింది. అందరిలో కాదు. పంతొమ్మిది మందిలో."

"కదలిక ఎక్కడ ఆగింది?"

"అందరికీ యాభై రెండుకీ యాభై తొమ్మిదికీ మధ్య."

"అరవై దగ్గర ఏముంది?"

ఆమెకు నిజంగా తెలియదు. సలీం పాలసీ తెప్పించి చదివి వినిపించాడు. విశారద ఒకసారి విని, రెండోసారి చదవమంది. తర్వాత ఒక రోగి నంబరు తీసుకుని కాగితం మీద లెక్క వేసింది. తొంభై రోజుల్లో రోజుకు రెండు గంటల చొప్పున సిట్టింగులు నూట ఎనభై గంటలు. నలభయ్యో రోజు నుంచి రోజంతా దాస్తున్నాడనుకుంటే, మెలకువగా ఉన్న మిగతా సమయం రోజుకు పధ్నాలుగు గంటలు, యాభై రోజులకు ఏడు వందల గంటలు.

"మెదడుకు ఇది చికిత్స, ఇది నాటకం అని తెలియదు సలీం. దానికి గంటలే తెలుసు."

"ఫోన్ చేసి చెప్పేద్దాం మేడం. ఈ మనిషికి ఇంకా పంతొమ్మిది రోజులున్నాయి."

"ఎవరికి చేస్తావు?"

ప్రయోగశాలలో రోగుల నంబర్లు మాత్రమే ఉన్నాయి. పేర్లు, చిరునామాలు, ఆసుపత్రుల వివరాలు బీమా కంపెనీ దగ్గర ఉన్నాయి. రోగుల గోప్యత కోసం ఆ ఏర్పాటు విశారదే పెట్టించింది.

ఆమె ఆ పూటే కంపెనీకి లేఖ రాసింది. నాలుగు వాక్యాలు. 'ఈ కింది పంతొమ్మిది మంది తమ చేతి శక్తిని కావాలని దాస్తున్నట్టు మా రీడింగులు చూపుతున్నాయి. ఇలా దాచడం వారి మెదడులో శాశ్వతంగా స్థిరపడుతుంది. వెంటనే మానెయ్యమని వారికి చెప్పండి. ఒక్కరోజు కూడా ఆలస్యం చెయ్యవద్దు.'

కంపెనీలో ఆ లేఖ చదివిన ఉద్యోగి మొదటి వాక్యం కింద గీత గీసి విచారణ విభాగానికి పంపాడు. డెబ్బై నాలుగో రోజున పంతొమ్మిది ఫైళ్ళు తెరిచారు. విచారణ నడుస్తున్న కాలంలో పాలసీదారుతో మాట్లాడకూడదు, మాట్లాడితే సాక్ష్యం దాస్తాడు. అది కంపెనీ నియమం. కాబట్టి లేఖలోని మిగతా మూడు వాక్యాలు ఎవరికీ చేరలేదు. విశారద రెండుసార్లు ఫోన్ చేసింది. పరిశీలనలో ఉందని రెండుసార్లూ చెప్పారు.

ఎనభయ్యో రోజు దాటాక రాఘవులు చెయ్యి గుమ్మం దగ్గర వెంటనే విడివడడం మానేసింది. మొదట అయిదు నిమిషాలు పట్టింది. తర్వాత పావుగంట.

"బద్ధకించింది" అన్నాడాయన. "పెద్ద షోరూం మాస్టరైపోయింది. పిలవగానే రాదు."

రెబెకా నవ్వలేదు. వేళ్ళు ఒక్కొక్కటే తెరిచి, వేడినీళ్ళ గుడ్డ చుట్టి, కత్తెర పట్టించింది. తొంభయ్యో రోజున చెయ్యి తెరుచుకోవడానికి గంటా పది నిమిషాలు పట్టింది. మిగిలిన యాభై నిమిషాల్లో రాఘవులు ఒక చొక్కా కాలరు కత్తిరించాడు. రెబెకా దాన్ని మధ్యకు మడిచి చూసింది. రెండు కొనలూ కలిశాయి.

ఆ రోజు పట్టీ విప్పారు. మార్కులు యాభై నాలుగు.

తొంభై ఒకటో రోజు ఆదివారం. కస్తూరి గోంగూర పచ్చడి నూరి, ఉల్లిపాయ తరిగి, అన్నం వడ్డించి ఎదురుగా కూర్చుంది.

"ఇక పట్టీ లేదు, పాడూ లేదు. చేత్తో కలుపుకుని తిను."

రాఘవులు కంచం వైపు చూశాడు. చెయ్యి రొమ్ము మీదే ఉంది.

"చాల్లే వేషాలు. అన్నం చల్లారిపోద్ది."

"రావట్లేదే."

ఆమె నవ్వింది. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆయన ఇలాంటి ఆటలు చాలా ఆడాడు. ఒకసారి స్కూటరు పోయిందని ఏడ్చి, ఆమె ఏడ్చాక సందు చివరి నుంచి తోసుకొచ్చాడు.

"సరే, గెలిచావు. తిను."

"కస్తూరీ, రావట్లా."

ఆమె లేచి వచ్చి ఆయన మణికట్టు పట్టుకుని కిందికి లాగింది. వచ్చింది. వేళ్ళు తెరిచి అన్నంలో పెట్టింది. వదిలింది. చెయ్యి మెతుకులతో సహా రొమ్ము మీదికి వెళ్ళిపోయింది. బొటనవేలు లోపలికి ముడుచుకుంది.

"నన్ను ఏడిపించొద్దు" అంది. "దించు. దించమంటన్నానా!"

గరిటె తెచ్చి కాడతో వేళ్ళ మీద కొట్టింది. అది ఆ చేతికి తెలిసిన దెబ్బే. ఇంకా గట్టిగా ముడుచుకుంది.

తొంభై ఏడో రోజున బీమా కంపెనీ విచారణాధికారి ఇంటికి వచ్చాడు. పేరు చంద్రమౌళి. జబ్బుమనిషి ఇల్లు కాబట్టి అరడజను బత్తాయిలు తెచ్చాడు. కుర్చీలో కూర్చుని మంచినీళ్ళు తాగి, రాఘవులుతో మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక బత్తాయి ఆయన కుడివైపుకు విసిరాడు. ఎడమచెయ్యి వచ్చింది. అందలేదు. బత్తాయి గోడకు తగిలి మంచం కిందికి దొర్లింది.

"బాగా సాధన చేశారు మాస్టారూ."

"సాధన కాదండీ, రావట్లేదు."

చంద్రమౌళి తన టాబ్లెట్ తిప్పి చూపించాడు. "ఇది ప్రయోగశాల పంపిన మీ నాడి రీడింగు. నా నాడి కన్నా బాగుంది. కండలో దోషం లేదు, నరంలో దోషం లేదు. మీ ఫిజియో అమ్మాయి రాసిన కాగితాలున్నాయి, గుడ్డ కత్తిరించారని ఉంది. తొంభయ్యో రోజున కాలరు కత్తిరించిన చెయ్యి తొంభై ఏడో రోజున బత్తాయి పట్టుకోలేదా?"

కస్తూరి అడ్డు వచ్చింది. "అయ్యా, నేను చెప్తా. అప్పుడు నటించాడు. నేనే చేయించా. ఇప్పుడు నటించట్లేదు. అది అట్టాగే ఉండిపోయింది."

"నటించాడని ఒప్పుకుంటున్నారా అమ్మా?"

"అప్పుడు."

"అప్పుడు నటించిన మనిషి ఇప్పుడు నటించట్లేదని దేంతో తెలుస్తుంది?"

పదకొండేళ్ళలో ఆమె ఎందరి కాగితాల్లోనో ఏ మాట రాయకూడదో చెప్పింది. చంద్రమౌళి ఆమె చెప్పినదాంట్లో మొదటి సగం రాసుకుని సంతకం పెట్టించుకున్నాడు. వెళ్ళేటప్పుడు మిగతా బత్తాయిలు రసం తీసి ఇమ్మని చెప్పాడు.

నెల తిరక్కుండా పాలసీ రద్దయింది. మోసం చేసిన మనిషి ఉంటే మొత్తం సిబ్బంది పాలసీ రెన్యువల్ కాదని చెప్పి యూనిఫారాల కంపెనీ రాఘవులును తీసేసింది. ఆసుపత్రి కస్తూరిని డెస్కు నుంచి తీసేసింది. రెబెకాను వేరే ఊరికి బదిలీ చేశారు.

డిసెంబరులో ప్రయోగశాల చివరి ఫలితాలు లెక్క కట్టింది. నేర్చుకున్న కదలిక ఎంతమందిలో స్థిరంగా నిలిచిందన్నది అసలు ప్రశ్న. మొత్తం రోగుల్లో అది నూటికి డెబ్బై నాలుగు.

"పంతొమ్మిది మంది గుంపు విడిగా తీశాను మేడం" అన్నాడు సలీం.

"ఎంత?"

"నూటికి నూరు. దాచడం అందరిలోనూ నిలిచిపోయింది. వీళ్ళలోనే మందు అందరికన్నా బాగా పనిచేసింది."

విశారద ఆ వరుసను నివేదికలో ఉంచాలా తీసెయ్యాలా అని బృందాన్ని అడిగింది. ఉంచాలన్నారు. మందు బలానికి అంతకన్నా రుజువు లేదన్నారు. ఉంచారు. కంపెనీకి ఆమె రాసిన రెండో లేఖకు, ఆ పంతొమ్మిది మంది ఇప్పుడు పాలసీదారులు కారు కాబట్టి వారి గురించి ఏమీ చెప్పలేమని జవాబు వచ్చింది.

గుంటూరులో కస్తూరి ఇంటి దగ్గర జాకెట్లకు హుక్కులు కుడుతోంది. రాఘవులు ఎదురుగా కూర్చుని ఎడమచేత్తో దారం తెంపి ఇస్తున్నాడు. ఆమె సూది ఆపింది.

"ఒక మాట అడుగుతా. ఎవరూ లేరు. కంపెనీ లేదు, ఆ పెద్దమనిషి లేడు. నాకొక్కదానికి నిజం చెప్పు."

"ఏందే?"

"నటిస్తన్నావా?"

రాఘవులు తన పిడికిలి వైపు చూశాడు.

"ఆపుదామనే చూస్తన్నా కస్తూరీ. రోజూ చూస్తన్నా. అప్పుడు ఎట్టా మొదలుపెట్టేవాణ్ణో గుర్తుంది. ఎట్టా ఆపేవాణ్ణో గుర్తు రావట్లా."

"నా మీద కసి తీర్చుకోవడానికి కాదుగా?"

"నీ మీద కసి ఉంటే నీ ముందు ఎడమచేత్తో తిండానికి సిగ్గుపడతానా?"

ఆమె మళ్ళీ సూది అందుకుంది. నమ్మిందో లేదో ఆయన అడగలేదు.

భోజనం అయ్యాక ఆయన చాప మీద పడుకున్నాడు. కస్తూరి గిన్నెలు కడిగి వచ్చేసరికి గురక వినపడుతోంది. ఆమె గుమ్మంలో ఆగిపోయింది.

కుడిచెయ్యి రొమ్ము మీద లేదు. చాప మీద చాపి ఉంది. అరచెయ్యి తెరుచుకుని ఉంది. బొటనవేలు, దాని పక్క రెండు వేళ్ళు దగ్గరికి వస్తున్నాయి, విడిపోతున్నాయి. ఒక వరుసలో, తొందర లేకుండా, గుడ్డ మీద గీత వెంట కత్తెర నడిచినట్టు. మూలకు వచ్చినప్పుడు మణికట్టు తిరిగింది. మళ్ళీ ముందుకు సాగింది.

కస్తూరి వెళ్ళి పక్కన కూర్చుంది. తడిచెయ్యి చీరకు తుడుచుకుని ఆ వేళ్ళ మీద పెట్టింది.

రాఘవులు కళ్ళు తెరిచాడు. చెయ్యి లేచి రొమ్ము మీదికి వెళ్ళి ముడుచుకుంది.

"ఏందే?"

"ఏం లేదు. పడుకో."

ఆయన గోడవైపు తిరిగాడు. మళ్ళీ నిద్ర పట్టేదాకా ఆమె అక్కడే కూర్చుంది.